ఆవిడ చెయ్యి కదల్లేదు

నేను సినిమాలకు రంగులు సరిచేసే పని చేస్తాను. షూటింగ్‌లో తీసిన బొమ్మ మా దగ్గరికి హార్డ్ డిస్కుల్లో వస్తుంది. ఒక డిస్కులోంచి ఇంకో డిస్కుకు ఎక్కించాక, రెండూ అచ్చంగా ఒకటేనా కాదా అని చూసుకోకుండా ఎవర్నీ కుర్చీలోంచి లేవనివ్వను. కొత్తగా చేరినవాళ్ళెవరైనా ఒక స్టిల్లును చాట్‌లో పంపితే అందరి ముందూ కడిగేస్తాను. సైజు తగ్గించడానికి చాట్ ఆ బొమ్మను పిండేసి రసం పారబోస్తుందని, మనకు పిప్పి మిగులుతుందని పాఠం చెబుతాను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు నేను చేసింది తెలియక చేసిన తప్పని ఎవరూ నన్ను వెనకేసుకు రాకూడదు.

చెన్నై పెరంబూరులో మా ఇంటి ఓనరు రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. వాళ్ళు మూడు తరాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళు. నేను విజయవాడ వైపు నుంచి వచ్చి వాళ్ళ పై వాటాలో అద్దెకుంటున్నాను. ఆయన్ని బాబాయ్ గారని, ఆవిడను పిన్నిగారని పిలుస్తాను. ఆ వర్క్‌షాపులో రిటైరయ్యే రోజు మనిషిని ఒంటరిగా ఇంటికి పంపరు. కలిసి పనిచేసినవాళ్ళు దండ వేసి, మేళం పెట్టి, గేటు దగ్గర్నుంచి ఇంటి గడప దాకా నడిపించుకొస్తారు. బాబాయ్ గారిని అలా ఎనిమిదిమంది తీసుకొచ్చారు. పని బట్టలు కూడా మార్చుకోలేదు. ఆయన్ని మధ్యలో పెట్టుకుని గడప ముందు నిలబడితే, పిన్నిగారు తన ఫోనుతో ఒక ఫోటో తీశారు. దారిలో ఎవరెవరో ఏవేవో తీసుకున్నారు గానీ, అందరూ ఒకచోట ఉన్నది ఆ ఒక్కటే. దాన్ని పెద్దగా వేయించి హాల్లో పెట్టుకోవాలని ఆయన కోరిక. సొంత కూతురి పెళ్ళి ఫోటోలకు కూడా ఆయన అంత తొందర పడలేదట.

ఆదివారం పిన్నిగారు పైకి వచ్చేసరికి నేను క్రికెట్ చూస్తున్నాను. ఆవిడ ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కవర్లో చుట్టిన కేబులు.

"పెద్ద ప్రింటుకైతే కేబులేసి కంప్యూటర్‌లోకి తియ్యాలంట నాయనా, స్టూడియో ఆయన చెప్పినాడు. నువ్వు ఆ పనిలోనే ఉండావు కదా, ఎడిటింగ్ కూడా నీ చేత్తోనే అయితే బాగుంటాదని ఈయన అంటా ఉండారు."

లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, లాప్‌టాప్ తెరవాలి. పది నిమిషాల పని. నాకు బద్ధకమైంది. "ఇంకా కేబులేంటండీ పిన్నిగారూ" అని ఫోను తీసుకుని ఆ ఫోటోను చాట్‌లో నాకు పంపేసుకున్నాను. ఆవిడ మెచ్చుకోలుగా చూశారు. అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి.

"ఈడ చోటు లేదని ఒకటే మొత్తుకుంటాంది ఈ ఫోను" అన్నారు ఆవిడ.

నేను గొప్పలకు పోయాను. ఆ నెల ఫోటోలన్నీ గంపగుత్తగా ఎంచి తీసేశాను. తీసేసినవి కొన్నాళ్ళు ఫోను చెత్తబుట్టలో ఉంటాయని తెలిసీ, దాన్ని కూడా ఖాళీ చేశాను. "మీ ఫోటో నా దగ్గర భద్రంగా ఉంది" అని చెప్పి మళ్ళీ క్రికెట్‌కు తిరిగాను.

పది రోజుల తర్వాత ఆ ఫోటోను కంప్యూటర్‌లో తెరిచాను. చిన్నగా ఉన్నప్పుడు బాగానే ఉంది. ప్రింటు కొలతకు పెంచేసరికి తొమ్మిది ముఖాలూ తడిసిన కాగితం మీద సిరాలా పాకిపోయాయి. కిందికి పరుగెత్తి ఆవిడ ఫోనంతా వెతికాను. ఏమీ లేదు. ఎందుకని అడిగితే, ఊరికే చూద్దామని అన్నాను.

చెప్పేయాల్సింది అప్పుడే. పోస్టుకార్డంత సైజులో వేస్తే నిక్షేపంలా వచ్చేది. కానీ ఆ మాట చెప్పాలంటే నా నిర్వాకమూ చెప్పాలి. పైకొచ్చి, ముఖాలను స్పష్టం చేసే సాఫ్ట్‌వేర్‌కు ఫోటోను అప్పజెప్పాను. పోయినదాన్ని అది వెనక్కి తేలేదు, తనకు తోచిన ముఖం గీస్తుంది. ఆ సంగతీ నాకు తెలుసు. కళ్ళు మెరిశాయి, పళ్ళు వరస కట్టాయి, చర్మం నున్నబడింది. ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, నేనే మోసుకెళ్ళి వాళ్ళ హాల్లో కుర్చీకి ఆనించాను.

బాబాయ్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని ముందు కూర్చున్నారు. ఎడమవైపు నుంచి ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి పేర్లు చెబుతూ వచ్చారు. మూడో మనిషి దగ్గర వేలు ఆగింది.

"ఇదెవురు?"

నేను ఫ్రేము అంచు సర్దాను.

"వాడి చెంప మీద మచ్చ ఉండాల. నిప్పురవ్వ పడింది. నేనే తడిగుడ్డ పెట్టి ఆస్పత్రికి తీసకపోయినా. ఈడ ఏమీ లేదే." వేలు పక్కకు జరిగింది. "వీడికి ముందర పళ్ళు రెండు లేవు." ఆ వేలు మధ్యలో ఉన్న తన బొమ్మ మీదికి వచ్చింది. "నా మొగం కూడా నాది కాదు నాయనా."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. వేరే మాట వచ్చింది.

"తీసేటప్పుడు చెయ్యి కదిలిందండీ. బొమ్మ చెదిరిపోయింది. వీలైనంత సరిచేశాను."

పిన్నిగారు వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. "ఆమా" అని తల ఊపారు. "ఆ పొద్దు నాకు ఏడుపు ఆగలా. చెయ్యి వొణికింటాది."

"ఒక్క ఫోటో సరిగా తియ్యడానికి చేతకాలేదు నీకు" అన్నారాయన. గట్టిగా కూడా అనలేదు. ఆవిడ గుమ్మంలోంచి ఇవతలికి వచ్చారు. నాకు కాఫీ అందించి, "నీకు కూడా శ్రమ పెట్టినాను నాయనా, ఏమనుకోబాక" అన్నారు. నేను కూర్చుని ఆ కాఫీ తాగాను. బాగుందని కూడా అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ ఫ్రేము హాల్లో గోడకు ఎక్కలేదు. నా ఫోనులో మాత్రం ఆ చిన్న బొమ్మ ఇంకా ఉంది. అంచులు, తలుపు చెక్క, మెడల్లో దండలు, అన్నీ నిలకడగా ఉన్నాయి. ఏడుస్తూ తీసినా ఆవిడ చెయ్యి ఇసుమంతైనా కదల్లేదు.

ఈ మధ్య వాళ్ళ మనవరాలి మొదటి పుట్టినరోజు చేశారు. పాప కేకులో రెండు చేతులూ పెట్టి ముఖమంతా పూసుకుని నవ్వుతోంది. పిన్నిగారు దానికి ఎదురుగానే, చేతిలో ఫోనుతో ఉన్నారు. "తియ్యిమా, తొందరగా తియ్యి" అని కూతురు అంటోంది. ఆవిడ ఫోను పైకెత్తలేదు. అందరినీ దాటుకుంటూ, వెనక నిలబడ్డ నా దగ్గరికి వచ్చి నా చేతిలో పెట్టారు.

"నువ్వు తియ్యి నాయనా. నేను తీస్తే పాడైపోతాది."

నేను ముందుకు వెళ్ళేసరికి పాప ముఖం తుడిచేశారు.