మూడుసార్లు కడిగిన సీసా

“ఏడ్చింది చాలు గానీ, ఆ సీసా వెలుతురుకు పెట్టి చూడు పాపా. ఏమన్నా కనపడతాండాదా?”

“లేదు ముంతాజమ్మా. కంటికి కనపడదు అది. అడుగున పల్చగా అంటుకోనుంటాది.”

“అదీ! ఆ ఒక్క మాట ఎనిమిదేండ్ల కిందట నాకెవరన్నా చెప్పింటే...” అంది ముంతాజ్.

కర్నూలులో ఆ కళాశాల ప్రయోగశాల గాజు సామానంతా కడిగేది ముంతాజ్. ఇరవై రెండేళ్ళుగా అదే పని. కల్లూరు నుంచి షేర్ ఆటోలో అందరికన్నా ముందొస్తుంది. ఆమె కడిగిన బీకరులో ముఖం చూసుకోవచ్చని పేరు. వచ్చే మార్చికి రిటైర్ కావాలి. ఎదురుగా స్టూలు మీద ముక్కు తుడుచుకుంటున్న శిల్పది కమలాపురం, సేద్యం చేసుకునే ఇల్లు. తన పరిశోధనకు గైడైన శ్రీనివాసులు సారుకు పేరు తెచ్చిన పాత ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూపడం ఏడాదిగా ఆమె పని.

సీసాలోది మనిషి ప్రోటీనే కానీ మనిషి నుంచి తీసింది కాదు. మనిషి జన్యువును ఒక సూక్ష్మజీవిలో పెట్టి దానిచేత చేయించింది. ఊళ్ళో తలారి కబురు మోసినట్టు, అది కణాల దగ్గరికి పోయి పెరగమని చెబుతుంది. ఇంతా చేసి, పరిశోధనకే తప్ప మనుషులకు వాడరాదని సీసా మీద రాసి ఉంటుంది. శిల్ప అది చదివి వినిపించిన రోజు ముంతాజ్, “మా మరిది మాదిరి. మనిషే గానీ మనుషులకు పనికిరాడు,” అంది.

సారు చేసినప్పుడు కణాలు రెండింతలు పెరిగాయి. శిల్ప చేస్తే అందులో సగం కూడా లేదు. “నీకు చేయి తిరగలేదమ్మా,” అని సారు పొద్దున అందరి ముందూ అన్నాడు. ఆమె చదువు మానుకుంటానని కాగితం రాసేసింది. ఆ కాగితం ముంతాజ్ కంట పడింది. నోరు విప్పితే తన నౌకరీ. విప్పకపోతే ఈ పిల్ల చదువు.

“మా నాయన కోయిలకుంట్లలో అత్తరు అమ్మేటోడు,” అని మొదలుపెట్టింది. “చిన్న సీసా పారేసే ఇల్లు కాదు మాది. కడిగి అత్తరు పోసుకునేది. సారు ఆ ప్రయోగం మొదలుపెట్టిన పొద్దు పార్శిల్ విప్పి, సీసా మూత తీసి, ఫోన్ వస్తే బయటికి పాయె. చూస్తే ఖాళీ సీసా. ఎట్లా పారేస్తారులే అని కడిగితి. నల్లా నీళ్ళతో ఒకసారి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు. వేడిపెట్టెలో ఆరబెడితి. సారు వచ్చి సీసా యాడ అనె. చేతికిస్తి. పిల్లలందర్నీ పిలిచి, ‘ఖాళీగా కనపడతాది గానీ ఖాళీ కాదు’ అని పాఠం చెప్పె. అప్పుడు తెలిసె నాకు, దాంట్లో ఏదో ఉండె అని!”

శిల్ప ఏడుపు మరిచిపోయింది. “మరి కణాలు ఎట్లా పెరిగినాయి?”

“నన్నడిగితే? ఈ పొద్దు బయటపడతాది, రేపు బయటపడతాదని నెల దినాలు భయంతో చస్తి. యాడ! రెండింతలాయె అని సారు లడ్లు పంచె. కడపలో శాలువా కప్పిరి. నాకూ రెండు లడ్లు ఇచ్చిరి. తింటి.”

కబురు మోసేవాడు లేకపోయినా కణాలు వాటిపాటికవి కొంత పెరుగుతాయని శిల్పకు తెలుసు. మిగతాది లెక్కపెట్టేటప్పుడు సారు కళ్ళు పెంచి ఉంటాయి. శాలువాతో ఆయన దిగిన ఫోటో ఎదురుగోడకే ఉంది. దాని అద్దం తుడిచేదీ ముంతాజే.

“మార్చి దాకా ఆగుతాలే ముంతాజమ్మా. ఇప్పుడు చెబితే నిన్ను ఉండనిస్తారా?”

“మార్చికి నువ్వు కమలాపురంలో శనగలు ఏరుకుంటాంటావు. ఏదీ, ఆ కాగితం ఇట్లియ్యి.”

తీసుకొని చదవకుండానే సబ్బునీళ్ళ తొట్టిలో ముంచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

“పో, సారు గదిలోనే ఉండాడు. నా పేరు పెట్టే చెప్పు. ‘అడుగున రవ్వంత మిగిలింటాదిలే’ అంటాడు ఆయప్ప. అంటాడు చూడు, నాకు తెల్సు. ఆడ మాత్రం తగ్గొద్దు పాపా. ముంతాజ్ మూడుసార్లు కడిగిందని చెప్పు. ముంతాజ్ కడిగితే ఏమీ మిగలదని గట్టిగా చెప్పు.”