పని చేయని బెల్టు

నిన్న ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒకరి ఇంట్లోకి అడుగుపెట్టగానే నొప్పుల తైలం వాసన గుప్పుమంది. వెంటనే షాహిదా మేడమ్ గుర్తొచ్చారు. ఆమె ఇప్పుడు లేరు. ఆ వాసన తగిలితే మాత్రం, నేసేవాళ్ళు కాళ్ళు దించుకునే మగ్గం గుంత పక్కన చాప మీద కూర్చుని ఎవరి నడుము నొప్పి గురించో తీరిగ్గా అడుగుతూ కళ్ళముందు కనబడతారు.

మేడమ్‌ది హిందూపురం. తండ్రి దర్జీ. సొంత ఊళ్ళోనే కాలేజీలో పాఠాలు చెబుతూ ప్రజారోగ్యం మీద పరిశోధన చేసేవారు. పెనుకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే నన్ను పీహెచ్‌డీ విద్యార్థిగా తీసుకున్నారు. పరిశోధన అంటే ఏదో ఒకటి కనిపెట్టి తీరాలని నమ్మే వయసు నాది.

అప్పట్లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే బెల్టు తయారుచేసింది. పొద్దంతా మగ్గం మీద కూర్చునేవాళ్ళకు దాంతో నొప్పి తగ్గుతుందో లేదో తేల్చమని మేడమ్‌ను అడిగింది. ధర్మవరంలో ఒప్పుకున్నవాళ్ళ పేర్లతో చీటీలు తీసి, సగం మందికి బెల్టులిచ్చాం. మిగతావాళ్ళకు ఇవ్వలేదు. నెలల తరబడి ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒకే ప్రశ్నలు అడిగాం. చివరికి చూస్తే ఆ రెండు గుంపులకూ నొప్పిలో తేడా ఏమీ లేదు.

కంపెనీ మనిషి హిందూపురం వచ్చాడు. బెల్టు సరిగా కట్టుకోనివాళ్ళను పక్కన పెట్టి మళ్ళీ చూడమని మర్యాదగానే అడిగాడు. నా పీహెచ్‌డీ ఆ పని మీదే ఆధారపడి ఉంది. నేను మేడమ్ వైపు చూశాను.

“చెమటకు తాళలేక విప్పేసినారు. రేపు దుడ్లు పెట్టి కొనేవాళ్ళూ అట్లే విప్పేస్తారు గదా. వాళ్ళను తీసేస్తే మనం చెప్పేది ఎవురి గురించి?” అన్నారామె.

అతను మళ్ళీ రాలేదు. కొత్త విషయం లేదంటూ పత్రికలు మా వ్యాసాన్ని తిప్పి పంపసాగాయి. నాకు దిగులు పట్టుకుంది. మేడమ్ మాత్రం నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం బయల్దేరారు. ఫలితం ముందు అక్కడివాళ్ళకు తెలియాలన్నారు. నాకు తెలిసినంతలో అలా వెళ్ళి చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

వీధిలో అందరినీ కూర్చోబెట్టి, బెల్టు పని చేయలేదని సూటిగా చెప్పారు. మగ్గం మీదే తల నెరిసిన సరోజమ్మ అడిగింది.

“అయితే ఇన్నాళ్ళూ మేం చెప్పిందంతా యాడికి పోయినట్లమ్మా?”

“యాడికీ పోలేదక్కా. మీరు మొగమాటానికి తగ్గిందని చెప్పింటే, దీన్ని ఊరూరా అమ్మేవాళ్ళు. మీరు నిజం చెప్పినారు కాబట్టే ఆ అమ్మకం ఆగింది.”

“మరి మా నడుముల సంగతి?”

“నాకింకా తెలీదు. మీరు సరేనంటే మళ్ళా వెతుకుదాం.”

నేను తల దించుకున్నాను. అంత చదువుకున్న మనిషి తెలీదని ఒప్పుకుంటే ఇక మమ్మల్ని గడప తొక్కనివ్వరనుకున్నాను. సరోజమ్మ నవ్వింది. ఈసారి చెమట పట్టేది మాత్రం తేవద్దని చెప్పి, మొదటి పేరు తనదే రాయమంది. వెనకే మిగతావాళ్ళూ పేర్లు చెప్పారు.

ఆ రెండోసారి కూర్చునే పలక ఎత్తు మార్చి, మధ్యమధ్యలో లేచి నడవమని చెప్పి చూశాం. నొప్పి కొంత తగ్గింది. మేడమ్ ‘కొంత’ అనే రాయించారు. బెల్టు వ్యాసాన్ని చివరికి ఒక చిన్న పత్రిక అచ్చు వేసింది. నాకు పట్టా ఆలస్యంగానే వచ్చినా, దాన్ని ఎవరి ముందైనా తలెత్తుకుని చూపించగలను.

ఇప్పుడు నా దగ్గరా పిల్లలు పరిశోధన చేస్తున్నారు. ఈ మధ్య రొళ్ల వైపు పల్లెల్లో పనిచేసిన ఒక అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది. తల్లులకిచ్చి వాళ్ళ పసిబిడ్డలకు పెట్టించి చూసిన పోషకాహార పొడి వల్ల ఏ మార్పూ రాలేదట.

“ఏమీ తేలలేదు సార్” అంది.

“పని చేయదని తేలింది గదమ్మా. రాసేది తర్వాత చూద్దాం. ముందు ఆ తల్లులకు చెప్పొద్దాం, పద” అన్నాను.