చెవి ముందు వేలు

దవడ కీలు స్కాన్ తెర మీదికి రాగానే ఆయన చూపుడువేలు తన చెవి ముందుకు వెళ్లి ఆనుతుంది. నోరు మెల్లగా తెరుస్తాడు, మూస్తాడు. కీలు మధ్యనుండే మెత్తని బిళ్ల ముందుకు జారిందో లేదో ఆ తర్వాతే చెబుతాడు. ఆసుపత్రిలో అందరికీ ఆయన దవడ డాక్టరు. పక్క కుర్చీలోని జూనియర్ డాక్టరమ్మ ఎప్పుడైనా వేరేగా చెబితే, "నీకింకా కన్ను కుదరలేదమ్మా" అని నవ్వుతాడు. ఒకే స్కాన్‌ని ఎవరు ఎంత నిలకడగా చదువుతారో చూద్దామని ఒకరోజు ఆవిడే పాత స్కాన్లకు పేర్లు తీసేసి, కలిపేసి, ఆయన ముందు పెట్టింది. ఆయన హుషారుగా చెప్పుకుపోయాడు. ఒకదాని దగ్గర ఆగి, "పాపం, బిళ్ల జారింది. ముద్ద నమలడమే నరకం ఈ మనిషికి" అన్నాడు. డాక్టరమ్మ తన జాబితాలో పేరు చూసింది. "అది మీ అక్కగారిది సార్. పోయినేడు మీరే చూసి బాగానే ఉందన్నారు."

బాగానే ఉందని ఊరుకున్నాడా! "నొప్పి దవడలో లేదక్కా, నీ బుర్రలో ఉంది" అని ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. ఆ తర్వాత ఆవిడ నొప్పి మాటెత్తలేదు. అందరూ చేతులు కడుక్కున్నాక కూడా ఒక్కతే కంచం ముందు కూర్చునేది.

ఆరోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "తిన్నావా అక్కా?"

"తింటున్నాన్రా. నా తిండి సంగతి తెలిసిందేగా, ఓ పట్టాన తెమలదు. ఏంటి, చెప్పు."

అటువైపు ముద్దముద్దకీ దవడ సన్నగా టక్కుమంటోంది. భోజనాల దగ్గర ఏడాదిగా వింటున్న చప్పుడే అది. అలవాటుగా ఆయన వేలు చెవి ముందుకు వెళ్లింది. ఫోన్ అడ్డొచ్చింది.