మూత వేసే ముందు లెక్క

జమ్మలమడుగు నుంచి అన్న ఫోన్ చేసి, "అమ్మ పోయింది పాపా" అన్నాడు. అన్నంటే మా పెద్దమ్మ కొడుకు. అప్పుడు నేను ప్రొద్దుటూరులో కూర్చొని, పులివెందుల పెండ్లి వీడియోకు పాటలు అతికిస్తున్నాను. ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎదురుగా లాప్‌టాప్ ఫ్యాను హోరుమంటోంది. ఇక దీన్ని విప్పాల్సి వస్తే నా పక్కన ఎవరు కూర్చుంటారు? మొదట వచ్చిన ఆలోచన అదే. చెప్పుకోవడానికి బాగాలేదు గాని, నిజం.

పెద్దమ్మ ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైంది. ఇంట్లోనూ అవే పద్ధతులు. ఆవకాయ కలపాలన్నా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాల్సిందే. గోళ్లు చూడనిదే ఎవరినీ ముక్కల మీద చేయి వేయనిచ్చేది కాదు. మేమంతా నవ్వుకునేవాళ్లం, ఆమె చాటున మాత్రమే.

నా లాప్‌టాప్ అన్న ఒకప్పుడు ఆటల కోసం కొనుక్కొని, తర్వాత నాకిచ్చింది. దాంతోనే నేను పెండ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతున్నాను. ఒకసారి తెర నిండా గీతలొచ్చి, బొమ్మ నిలిచిపోవడం మొదలైంది. గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నారు. ఈ కాలం లాప్‌టాప్‌లలో ఆ కార్డు బోర్డుకే అతికి వస్తుంది. నాది పాతది కనుక ఊడదీసి, ఇంకా మంచి కార్డు బిగించే వీలుంది. వీలుందన్నారే గాని బిగించేవాళ్లు దొరకలేదు. రిపేరు షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "నాకొద్దక్కా, ముట్టుకుంటే పోతాది" అని చేతులు దులుపుకున్నాడు. అది పోతే నా పని పోయినట్టే.

కొత్త కార్డు తెప్పించుకొని, వీడియోలు చూసి నేర్చుకున్న అరకొర విద్యతో పెద్దమ్మ ఇంటికి పోయాను. ఒంటరిగా విప్పే ధైర్యం లేక, అంతే. ఆమెకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసింది. బల్ల మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచింది. ఒక స్టీలు ట్రే కడిగి తెచ్చి, కండ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసింది.

"ఏంది పాపా, చెయ్యి వణకతాండాది?"

"శానా భయంగా ఉండాది పెద్దమ్మా."

"ఉండనీ. నాకూ ప్రతి ఆపరేషన్‌కీ ఉండేది. భయం లేని డాక్టరు పక్కన నిలబడాలంటే ఇంకా భయం."

విప్పి తీసింది, ఒలిచి తీసింది ఏదైనా ట్రేలోనే వేయాలంది. స్క్రూలే కాదు, కార్డు వేడిని లాగే కొత్త మెత్తటి పట్టీలకు అటూ ఇటూ అంటుకొని ఉండే, అతికించే ముందు ఒలిచేసే పల్చటి ప్లాస్టిక్ పొరలు కూడా. చెత్తబుట్టను బల్ల దగ్గరికే రానివ్వలేదు. మూత వేసే ముందు ఇద్దరం పైకి లెక్కపెట్టాలి, ముందు నేను, నా వెనక ఆమె. థియేటర్లో కుట్లు వేసే ముందు, ఒంట్లో ఏదీ మిగిలిపోకుండా, రక్తం అద్దిన గుడ్డలను అట్లాగే లెక్కపెట్టేవాళ్లట. "ఒక నోటి లెక్క లెక్క కాదు పాపా" అనేది.

నేను గబగబా చూసి అన్నీ ఉన్నాయన్నాను. ఆమె ఒక్కొక్కటి వేలితో తాకుతూ లెక్కపెట్టి ఆగిపోయింది. పట్టీకి రెండు చొప్పున చూస్తే ఒక పొర తక్కువ.

"యాడ పోయింది?"

"కింద పడింటాది పెద్దమ్మా, ఉత్త ప్లాస్టిక్కే."

"పడింటాది అంటే మూయకూడదు. కండ్లకు కనపడితేనే పడినట్టు."

బల్ల కింద, గుడ్డ మడతల్లో, చీర కుచ్చిళ్లలో వెతికాం. లేదు. ఆమె ముఖం పాలిపోయింది. "విప్పు" అంది. బిగించినవన్నీ మళ్లీ విప్పాను. పొర ఒక పట్టీ కింద అతుక్కొనే ఉంది. అట్లాగే మూసి ఉంటే వేడి బయటికి పోక కొత్త కార్డు మాడిపోయేది.

తెర వెలిగినప్పుడు నేను ఎగిరి గంతేశాను. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఒక తూరి ఇట్లాగే గుడ్డ తక్కువొచ్చింది పాపా. కుట్లు వేయబోతాంటే నేనే ఆపినా. ఆయమ్మ బతికింది లే. ఆపకపోయింటే అనే భయం మాత్రం నాకు ఈనాటికీ పోలే."

ఆ రోజు నుంచి నా పిరికితనాన్ని నేను తిట్టుకోవడం మానేశాను. ఆమె నాకు ధైర్యం చెప్పలేదు. నాతోపాటు కూర్చొని భయపడింది. అంతకంటే పెద్ద సాయం నాకు ఎవరూ చేయలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక అన్న ఆ ట్రేను గుడ్డలో చుట్టి నాకిచ్చాడు. ప్రొద్దుటూరు తిరిగొచ్చాక లాప్‌టాప్ ఫ్యాను హోరు ఇంకా ఎక్కువైంది. పట్టీలు ఎండిపోయినట్టున్నాయి, మార్చక తప్పదు. పులివెందుల వాళ్లు వీడియో ఎప్పుడిస్తావని అడుగుతున్నారు. నిన్న నా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి లాప్‌టాప్ విప్పాను. చేతులు వణికాయి, వణకనిచ్చాను. కొత్త పట్టీలు అతికించి, పొరలన్నీ ట్రేలో వేసి, ఒక్కొక్కటి వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టాను. సరిపోయాయి.

అక్కడ ఆగాను. నా వెనక ఆమె లెక్కపెట్టాలి కదా. సీలింగ్ ఫ్యాను గాలికి ట్రేలో పొరలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి. మూత రెండు చేతులా పట్టుకొని అట్లాగే కూర్చున్నాను.