చలికి బిగించిన కిటికీ

సూరత్‌లో చలి పెరుగుతుందని నిన్న టీవీలో చెప్పగానే మా కోడలు కిటికీలన్నీ బిగించబోయింది. ఒకదానికి మాత్రం నాలుగు వేళ్ళ సందు వదలమన్నాను. నా చాదస్తానికి నవ్వుకుంది. చాదస్తమే కావచ్చు, కానీ ఆ రోజులు చూసిన నా ఈడువాళ్ళకు చెబితే నవ్వరు.

కరోనా రోజులవి. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన మేము అప్పట్లో డిండోలిలో వరుస గదుల్లో ఉండేవాళ్ళం, పక్క గదిలో మా చెల్లెలూ మరిదీ. ఎండలకే అలవాటుపడ్డ ఊరు కాబట్టి మాలో స్వెట్టర్ ఉన్న మనిషి లేడు, కానీ చీరల కార్ఖానాల నుంచి తెచ్చుకున్న గుడ్డపీలికలకు మాత్రం ఏ ఇంట్లోనూ కొదవ లేదు. ఆ జనవరిలో ఎన్నడూ లేని చలిగాలి వీచినప్పుడు, చెల్లెలి కిటికీ సందుల్లో బయటి నుంచి నేను, తలుపు కింద లోపలి నుంచి ఆమె పీలికలు కూరి, చీమ కూడా దూరకుండా చేశామని మురిసిపోయాం. లోపల ఆమె బొగ్గుల కుంపటి పెట్టుకుంటుందని నాకు తోచనే లేదు.

మర్నాడు పొద్దెక్కినా తలుపు తీయకపోతే వెళ్ళి తట్టాను. చెల్లెలి గొంతు నీరసంగా వినిపించింది.

"అక్కా, లోపటికి రాకు. ఇద్దరికి తల పగులుతుంది, వాంతులైతున్నయ్. గా రోగమే అంటుకున్నట్టుంది."

ఆ మాటతో ఇరుగుపొరుగు ఎవరి గదిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళనేమీ అనను, నా కాళ్ళు కూడా రెండడుగులు వెనక్కి వేశాయి. కానీ మొగుడూ పెళ్ళాలకు ఒకే పూట, దగ్గూ జ్వరమూ లేకుండా ఇదేం రోగమని, కుంపటి గాని పెట్టుకున్నారా అని అడిగాను.

"పెట్టినమక్కా, ఇంకా నిప్పుంది."

బాలింత గదిలో కుంపటి ఉంటే మా నాయనమ్మ తలుపు మూయనిచ్చేది కాదు, బొగ్గు గాలి ప్రాణం తీస్తుందని తిట్టేది. అది గుర్తొచ్చింది, ఆ గాలిని లోపల బంధించింది నా చేతులే కదా. పీలికలన్నీ పీకేసి, పచ్చడిబండతో అద్దం పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి పక్కనున్న తలుపు గడియ తీశాను. చెల్లెల్ని నేను, మరిదిని మా ఆయన ఎండలోకి ఈడ్చుకొచ్చి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కరోనా లేదని తేలింది, ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది. సాయంత్రానికి చెల్లెలు లేచి కూర్చుని అద్దం పగిలినందుకు నన్ను సాధించడం మొదలుపెట్టింది, అంతకన్నా తీయని తిట్లు నేను వినలేదు. మర్నాడు వరుసలోని ప్రతి గదికీ వెళ్ళి, గొడవపడి మరీ కిటికీకి సందు చేయించాను. ఆ చలి పోయేదాకా ఒక్క కుంపటిని కూడా గడప దాటి లోపలికి పోనివ్వలేదు.

ఇప్పుడు అందరం ఫ్లాట్లలోకి మారాం, మెత్తటి రగ్గులున్నాయి. చెల్లెలు రెండు వీధుల అవతలే ఉంటుంది, అయినా ఫోన్ చేసి అడిగి వెళతాను, ఈ పూట వద్దంటే ఊరుకుంటాను. మర్యాద నేర్చుకున్నాం, మంచిదే. కానీ వద్దన్నా వినకుండా లోపలికి వెళ్ళిన నాలోని ఆ అక్కను చూసుకుంటే ఈనాటికీ నాకు గర్వమే, ఆమె ఇప్పుడు గుమ్మం ముందు నిలబడి బెల్లు కొట్టి ఎదురుచూస్తోందంటేనే కాస్త దిగులు.