మా అమ్మాయికేమీ రాదని మిషన్‌కు చెప్పాను

మా అమ్మాయి అబిడ్స్‌లో కొనుక్కొచ్చిన ఆ మాటల మిషన్‌ను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సబ్బుబిళ్ళంత ఉంటుంది. మీట నొక్కి తెలుగులో మాట్లాడితే తమిళంలో చెబుతుంది, తమిళంలో మాట్లాడితే తెలుగులో చెబుతుంది. అమ్మాయి తన ఆఫీసులో పనిచేసే తమిళ అబ్బాయిని చేసుకుంటానంది. అబ్బాయికి తండ్రి లేడు, తల్లి మాటే మాట. ఆమెకేమో తమిళం తప్ప ఇంకో భాష రాదు. నాకు తెలుగు, బజారుకు సరిపోయే ఉర్దూ, ఫైళ్ళకు సరిపోయే ఇంగ్లీషు వచ్చు. లక్డీకాపూల్‌లో క్లర్కుగా చేసి రిటైరైన నాకు ఈ వయసులో కొత్త భాష పాఠం పెట్టింది.

"దీనితోని రోజు జర నేర్చుకో అమ్మా. ఆంటీ వచ్చేటాళ్లకు నాలుగు మాటలన్న వస్తయి" అంది.

నేర్చుకుందామనే కూర్చున్నాను. "గీడ కూసోండ్రి" అంటే దానికి అర్థం కాదు. "దయచేసి మళ్ళీ మాట్లాడండి" అంటుంది. పుట్టి పెరిగిన నాంపల్లిలో, నా ఇంట్లో, నా తెలుగును మళ్ళీ చెప్పమని ఒక డబ్బా నన్ను అడుగుతుంది. రేడియోలో వార్తలు చదివినట్టు "దయచేసి ఇక్కడ కూర్చోండి" అంటే అప్పుడు ఒప్పుకునేది. అది చెప్పే తమిళానికి నా నోరు తిరిగేది కాదు. కూరగాయలు తరుగుతూ దానితో నేను పోట్లాడుతుంటే మా ఆయన పేపరు వెనకాల నవ్వుకునేవారు. ఇంతా చేసి నాకు వచ్చింది రమ్మనడం, తినమనడం. మిగతాదంతా మిషనే చూసుకోవాలి.

అబ్బాయి తల్లి వాళ్ళ వీధి ఆడవాళ్ళతో షిర్డీ యాత్రకు పోయి, తిరుగు ప్రయాణంలో ఒక పూట హైదరాబాద్‌లో దిగింది. స్టేషన్ దగ్గర లాడ్జి, సాయంత్రం రైలు. సరిగ్గా ఆ వారమే అబ్బాయిని ఆఫీసువాళ్ళు పుణెకు పంపారు. మా అమ్మాయికి సెలవు దొరకలేదు. "సాయంత్రం సీదా స్టేషన్‌కే వస్త. నువ్వు మంచిగ మాట్లాడమ్మా. ఆంటీ ఔ అంటేనే ఇది అయితది" అని నా రెండు చేతులూ పట్టుకుని చెప్పి పోయింది. దాని చేతులు చల్లగా ఉన్నాయి.

ఆమె నాలాగే పొట్టి. నాలాగే మోకాళ్ళు పట్టుకుని మా మెట్లెక్కింది. చూడగానే నచ్చింది. నాకొచ్చిన ఆ రెండు తమిళం ముక్కలూ అప్పగించి, సర్వపిండి పెట్టాను. ఇష్టంగా తింది. తర్వాత మిషన్ తీసుకుని ఏదో అడిగింది. "మీ కుమార్తె గురించి చెప్పండి" అంది మిషన్.

ఏ తల్లయినా ఏమంటుంది? కన్నబిడ్డను ఎదుటివాళ్ళ ముందు పొగిడితే దిష్టి. పెళ్ళివాళ్ళ ముందైతే మరీను, అది సొంత డబ్బా కొట్టుకోవడం. అందుకని నవ్వుతూ, రేడియో తెలుగులో అన్నాను. "మా అమ్మాయికి ఏమీ రాదు వదినగారూ. వంట రాదు. ఉదయం లేవదు. చాలా మొండి. మీరే అన్నీ నేర్పించుకోవాలి." మా వైపు వాళ్ళయితే వెంటనే "అయ్యో, గట్లంటరేంది వదినా, బంగారమసొంటి పిల్ల" అంటారు. దాంతో మర్యాద తీరిపోతుంది. మిషన్ మాత్రం కోర్టులో తీర్పు చదివినట్టు మొత్తం చదివింది. ఆమె నా వైపు చూడలేదు, దాని వైపే చూస్తూ వింది.

ఆమె కూడా మీట నొక్కి మాట్లాడింది. "నా కుమారుడు సోమరి" అంది మిషన్. "అతనికి కోపం ఎక్కువ. అతనికి బాధ్యత తెలియదు. మీ కుమార్తె చాలా సహించవలసి ఉంటుంది." ఆ మాటలు అనేటప్పుడు ఆమె నవ్విందో లేదో నాకు తెలియదు. నేనూ ఆ డబ్బా వైపే చూస్తున్నాను.

ఇక ఆ పగలు ఎట్లా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి. అబిడ్స్‌కు తీసుకుపోయి చీర కొనిపెట్టాను, వద్దు వద్దంటూనే తీసుకుంది. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. బస్సుల హారన్లకు మిషన్ "దయచేసి మళ్ళీ మాట్లాడండి" అంటూనే ఉంది. నాకు మాట్లాడాలని కూడా లేదు. కన్నతల్లే కొడుకు కోపిష్టి అని ముందే హెచ్చరిస్తోంటే ఆ ఇంటికి పిల్లనెట్లా ఇవ్వను? ఆమెను లాడ్జిలో దింపి ఇంటికొచ్చి, ఈ సంబంధం మనకు వద్దని మా ఆయనతో తెగేసి చెప్పాను.

చెప్పీ చెప్పకముందే అమ్మాయి ఫోన్. ఏడుస్తోంది.

"ఆంటీకి ఏం చెప్పినవమ్మా? పిల్ల తల్లికే ఇష్టం లేదు, ఉన్న వంకలన్ని తనే చెప్పింది, మనం ఇడిసిపెడదాం అన్నదంట కొడుకుకు ఫోన్ చేసి."

"అందరు చెప్పేదే చెప్పిన. ఏ తల్లన్న బిడ్డను ఎదుటోళ్ళ ముంగట పొగుడుకుంటదా? గామెకు గంత తెల్వదా?" అని గట్టిగా అన్నాను. అంటూండగానే నా నోరు దానంతటదే ఆగిపోయింది. ఆమె కూడా తల్లే కదా.

"బిడ్డా, ఆ పిలగానికి కోపమెక్కువనా?" అని అడిగాను.

"ఎవలన్నరు? మా ఆఫీసుల అందరికన్న నెమ్మదిగుండేది ఆయననే."

నేను నెత్తి పట్టుకున్నాను. విషయం విని మా ఆయన పేపరు మడిచారు. "ఇద్దరు తల్లులు గూడి పిల్లలను మంచిగనే బద్నాం చేసిన్రు. లేవు, రైలు పోతది" అన్నారు.

ప్లాట్‌ఫారం మీద కూలీలు, పెట్టెలు, మూడు భాషల్లో అనౌన్స్‌మెంట్లు. ఆమె వాళ్ళవాళ్ళతో బోగీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి మర్యాదగా దండం పెట్టింది. ఆ మర్యాద చూస్తేనే పని అయిపోయిందని అర్థమైంది. మా అమ్మాయి అప్పుడే వచ్చి పక్కన నిలబడింది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను మీట నొక్కాను. "నా కూతురు మంచిది" అన్నాను.

"దయచేసి మళ్ళీ మాట్లాడండి."

"నా కూతురు మంచిది" అని ఇంకా గట్టిగా అన్నాను. మళ్ళీ అదే మాట. తల ప్రాణం తోకకొచ్చింది. దాన్ని నోటికి ఆనించుకుని, కూలీలు తిరిగి చూసేటట్టు అరిచాను. "ఉదయం నేను చెప్పింది మా మర్యాద. నా కూతురు మంచిది. వాళ్ళ నాన్న దవాఖానలో ఉన్నప్పుడు రాత్రులన్నీ అదే కూర్చుంది. నాకు మోకాళ్ళు నొప్పి అని నేను చెప్పకముందే నూనె వేడి చేస్తుంది. పచ్చిపులుసు నాకంటే బాగా చేస్తుంది. అది లేని ఇల్లు ఎలా ఉంటుందో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు. దాన్ని వదులుకోకండి."

ఈసారి మిషన్‌కు అర్థమైంది. అది చదువుతున్నంతసేపూ ఆమె నా ముఖమే చూసింది. చదవడం అయ్యాక నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మిషన్ లాక్కుని ఏదో అంది. "నా కుమారుడు కూడా మంచివాడు. నేను కూడా మర్యాద చేశాను" అంది మిషన్. మా అమ్మాయి చెంప నిమిరి, చీర ఉన్న సంచీని గుండెకు హత్తుకుని బోగీ ఎక్కింది. కిటికీలోంచి వేళ్ళు లెక్కపెట్టి చూపిస్తూ ఏదో నెల చెప్పింది. ముహూర్తమే అయి ఉంటుంది.

రైలు పోయింది. అమ్మాయీ నేనూ గేటు వైపు నడుస్తున్నాం. నేను ఆ డబ్బాను తిడుతూనే ఉన్నాను. అమ్మాయి మెట్ల దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అడిగింది.

"అమ్మా, ఆంటీ ఒప్పుకోవాలెనని అన్నవా? గవన్ని నిజంగనేనా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. "నిజం గాకపోతే గింతమంది ముంగట గట్ల మొత్తుకుంటనా?" అన్నాను.

"ఏమో. నాకెట్ల తెలుస్తదమ్మా? నువ్వు ఎన్నడు అనలే కదా" అంది.