క్రిస్మస్ కేకుల వరుసలో ఒక లైవ్

మా మేనల్లుడి వీడియోలో నేను మొదట వెతుక్కున్నది నన్నే.

అందులో ఒక మనిషి పరువు పోతోంది. ఆ సంగతి రెండోసారి చూసినప్పుడు గమనించాను. మొదటిసారి మాత్రం, వరుసలో నిలబడ్డ నా మఫ్లరు కనబడిందా లేదా అని చూసుకున్నాను. కనబడింది. సగం మొహం కూడా పడింది. కింద ఎవరో "వెనకాల అంకుల్ ఎక్స్‌ప్రెషన్ చూడండ్రా" అని రాశారు. దానికి ఎంతమంది నవ్వు బొమ్మలు పెట్టారో! పత్రికలో నగరం పేజీకి రాస్తూ ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. నేను చెక్కి చెక్కి రాసిన ఏ వాక్యానికీ అంతమంది నవ్వగా చూడలేదు. తెరిచిన నోటితో వరుసలో నిలబడితే నవ్వారు.

ఆ వరుస ఎందుకో చెప్పాలి. సికింద్రాబాదులో మా క్రైస్తవ కుటుంబాలకు ఒక అలవాటు ఉంది. క్రిస్మస్ కేకును ఇంట్లోనే కలుపుతారు గాని, కాల్చేది బేకరీ బట్టీలో. ఇళ్ళల్లో ఓవెన్లు వచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. నెల ముందు నుంచి కిస్మిస్సులు నానబెట్టడం, నారింజ తొక్కు తరగడం, చక్కెర పాకాన్ని నల్లగా మాడ్చడం, అంతా ఎవరింటి పద్ధతి వారిది. పిండిని రేకు డబ్బాల్లో పోసి, పేరు చీటీ అంటించి, మెట్టుగూడ వైపు ఉన్న ఆ బేకరీ పక్క సందులో కిటికీ దగ్గర ఇచ్చి వస్తారు. సాయంత్రం కాలిన కేకును అదే కిటికీ దగ్గర తీసుకుంటారు. పద్మారావు నగర్‌లో ఉండే మా చెల్లెలికి కూడా ఆ బట్టీలో కాలితే తప్ప పండుగ కాదు.

కిటికీ అవతల ఏళ్ళ తరబడి ఒకే మనిషి. బట్టీ మేస్త్రి. సన్నగా, కనుబొమల మీద ఎప్పుడూ కాస్త పిండి అంటుకుని ఉంటాడు. ఆయనది ఒక పద్ధతి. కిటికీ దగ్గరికొచ్చి ఎవరేమన్నా ఎదురు చెప్పడు. అడుగు మాడిందన్నా, మధ్యలో పచ్చిగా ఉందన్నా, సోడా వేయడం తామే మరిచిపోయి కేకు పొంగలేదని అలిగినా, "తప్పు నాదేనమ్మా" అంటాడు. అట్లా ఎందుకంటావని ఒకసారి అడిగాను.

"పండుగ పూట ఇంటామెతోని కొట్లాట ఎందుకు సార్? గా ఒక్క మాట అంటే ఆమె సల్లబడ్తది. నాదేం పోతది?" అన్నాడు.

అది విని ఆయన గురించి ఒక చిన్న వ్యాసం రాశాను. ముందు అనుమతి అడిగాను. ఎందుకు రాస్తున్నానో చెప్పాను. రాసింది చదివి వినిపించాను. నేను పని నేర్చుకున్న డెస్కులో అట్లాగే నేర్పారు. వ్యాసం బోరుబావుల ప్రకటన పక్కన వచ్చింది. చోటు చాలక ఆయన ఫొటో ఎగిరిపోయింది. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆయన కూడా చూడలేదని తర్వాత తెలిసింది.

మొన్న డిసెంబరులో మా కేకులు తెచ్చుకోవడానికి చెల్లెలు నన్నూ తన కొడుకునూ పంపింది. కుర్రాడు చదువు ముగించి, ఉద్యోగం వెతకకుండా, జనాన్ని ఆటపట్టించే లైవ్‌లు చేస్తుంటాడు. నేను అవి చూడనని ఇంట్లో చెప్పుకుంటాను. చూస్తాను.

"మామా, నువ్వు లైన్ల నిలబడు. నేను బండి పెట్టి వస్త" అన్నాడు.

కొంతసేపటికి వచ్చి, నన్ను దాటుకుని నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాడు. సందు అవతల వాడి స్నేహితుడు ఫోన్ పట్టుకుని ఉన్నాడని నాకు తెలియదు. మేస్త్రి మా డబ్బా అందించాడు. మావాడు మూత తీసి వాసన చూశాడు.

"అన్నా, ఇది మా కేకు గాదు."

"చీటీ మీదే ఉన్నది గద బాబు?"

"చీటీ మాదే. లోపలి కేకు మాది గాదు. మా నానమ్మ తన చేతుల్తోని నానబెట్టిన కిస్మిస్ అన్నా. ఇప్పుడామె లేదు. మా అమ్మ చూస్తే ఏడుస్తది."

మా చెల్లెలి అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకు కిస్మిస్ అంటే గిట్టేది కూడా కాదు. మావాడి గొంతు మాత్రం వణికింది. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. మేస్త్రి చేతులు తువ్వాలుకు తుడుచుకుని, రెండూ జోడించాడు.

"తప్పు నాదే బాబు. మారిపోయిందేమో. అమ్మకు నేను చెప్పుకుంట. జెర కోపం చెయ్యకు."

"అన్నా, ప్రాంక్! గటు చూడు, కెమెరా!"

మేస్త్రి అటు చూశాడు. వరుసంతా నవ్వుతోంది. అందరికంటే ఆలస్యంగా ఆయన నవ్వాడు.

మర్నాటికి దాన్ని వేలమంది చూశారు. ఎవరో ఒకరు దాన్ని కత్తిరించారు. ప్రాంక్ అని చెప్పే ముక్క పోయింది. "తప్పు నాదే, మారిపోయిందేమో" అనే దగ్గర ఆగిపోయింది. ఆ ముక్క చర్చి ఆడవాళ్ళ వాట్సాప్ గుంపులో తిరిగింది. అందుకేనా మా కేకులో ఏలకుల వాసన రాలేదని ఒకరు రాశారు. పోయినేడు మా కేకులో ఎవరి జీడిపప్పో వచ్చిందని ఇంకొకరు. ఆఖరికి మా చెల్లెలు కూడా నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నిజం చెప్పనా? ఈసారి మన కేకులో ఏదో తేడా ఉంది."

"ఆటకి అన్నది నీ కొడుకే కదమ్మా?"

"వాడు ఆటకే అన్నాడు. ఆయన మాత్రం నిజమే ఒప్పుకున్నాడేమో!"

రెండు మూడు కుటుంబాలు డబ్బాలను వేరే బేకరీకి తీసుకుపోయాయి. దాంతో బేకరీ యజమాని సేట్ మేస్త్రిని కిటికీ దగ్గరి నుంచి తీసేసి, వెనక బ్రెడ్డు పనిలో పెట్టాడు. పండుగ దాకా ఖిడికీ దిక్కు రావద్దన్నాడట. నేను రొట్టె కొనడానికి వెళ్ళినప్పుడు కౌంటర్లో మనిషి ఈ సంగతి చెప్పాడు. వెనక పనంటే మైదా బస్తాలు మోయడం. ఆయన నడుము అందుకు పనికిరాదు. పండుగ లోపల కిటికీ తిరిగి దక్కకపోతే అక్కడ కొత్తవాడు స్థిరపడతాడు. వెనక పని చేయలేని మనిషిని సేట్ కొత్త సంవత్సరంలో ఊరికే ఉంచుకోడు.

ఇది చెప్పడానికి మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను. వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఆ వీడియో తీసెయ్."

"నాదేం తీసెయ్యాలె మామా? నా దాంట్ల ప్రాంక్ అని క్లియర్‌గ ఉంది. కట్ చేసినోడు వేరే."

"ముందు ఆయన్ని అడిగావా?"

"ముందే అడిగితే ప్రాంక్ ఎట్లయితది? తర్వాత అడిగిన. ఉంచుకో బాబు అన్నడు. నవ్విండు సుత."

"అంతమంది చూస్తుంటే నవ్వక ఏం చేస్తాడురా? కూలికి నిలబడ్డ మనిషి కౌంటరు వదిలి పోలేడు, నిన్ను తిట్టలేడు. నీకు సమానమైన వాడితో ఆడుకో. నీ స్నేహితుణ్ణి ఏడిపించు. నన్ను ఏడిపించు."

"నిన్ను ఏడిపిస్తే ఎవడు చూస్తడు మామా?" అని నవ్వాడు. "నువ్వు సుత పేపర్ల అందరి గురించి రాసినవు గద."

"అడిగి రాశాను."

"అందుకే ఎవ్వడు చదవలే." నన్ను చూసి, మెల్లగా అన్నాడు: "నీకు కోపం గాదు మామా. కుళ్ళు."

నేను మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు వాడి ఫోన్లో పెరుగుతున్న వీక్షకుల అంకె మీదే ఉన్నాయి. నేనన్న మాటల్లో తప్పు లేదు. ఇప్పటికీ అవే అంటాను. ఒక మనిషి మర్యాదను పట్టుకుని నవ్వు పుట్టించేవాడు, ఆ మర్యాద ఖరీదు ఎవరు చెల్లిస్తారో ముందు చూసుకోవాలి. కాని ఆ మాటలు అంటున్నప్పుడు నాకు మేస్త్రి మీద జాలి ఎంత ఉందో, ఆ అంకె నాది కానందుకు మంట కూడా అంతే ఉంది. నా వ్యాసంలో మేస్త్రి ఎంత నెమ్మదిగా, ఎంత నిజంగా ఉన్నాడు! ఆ మేస్త్రి ఎవరికీ అక్కర్లేకపోయాడు.

నిజం నలుగురికీ తెలిసేలా నాలుగు మాటలు రాద్దామని పాత ఆఫీసుకు ఫోన్ చేశాను. డెస్కులో కొత్త కుర్రాడు మర్యాదగా విన్నాడు. "సార్, ఆ వీడియో లింకు ఉందా? వెబ్‌లో పెడదాం, బాగా పోతది" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

ఇక మేనల్లుణ్ణే వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళాను. ఈసారి బస్తాల మాట చెప్పాక వాడు ఎదురు మాట్లాడలేదు. మేస్త్రి వెనక సందులో గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. మావాణ్ణి చూసి లేవబోయాడు.

"కూసో అన్నా. తప్పయింది. లైవ్‌ల సారీ చెప్త. మస్తు మంది చూస్తరు."

"వద్దు బాబు. ఇంకో దఫా నన్ను అండ్ల చూపియ్యకు." మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "మీ అమ్మను తోల్కరా. మల్ల ఒక కేకు కలుపుకొని రమ్మను. వరుసల అందరు చూడంగ డబ్బా నా చేతికియ్యమను. గంతే."

అదంతా మావాడితోనే చెప్పాడు. ఇన్నేళ్ళ పరిచయం నాది, పక్కనే నిలబడి ఉన్నాను. పైగా, "మా ఊర్ల పోరగాండ్లకు నువ్వు మస్తు ఎర్క. ఫోన్ చేసి అడుగుతున్నరు" అన్నాడు. ఆ మాటలో ఫిర్యాదు ఎంతో, గర్వం ఎంతో నాకు తేల్చుకోవడం కష్టమైంది. నేను రాసింది వాళ్ళ ఊరికి చేరనే లేదు.

చెల్లెలు మొదట ఒప్పుకోలేదు. పండుగ ముందర మళ్ళీ పిండి ఎవరు కలుపుతారంది. నేను న్యాయం గురించి చాలాసేపు చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ విన్నది. మేనల్లుడు ఫోన్ లోపల గదిలో పెట్టి వచ్చి, చాకు తీసుకుని నారింజ తొక్కు తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు లావుగా పడుతుంటే చెల్లెలు చూడలేకపోయింది. "ఇటివ్వరా, పాడుచేస్తున్నావు" అని లాక్కుని, తనే కూర్చుంది. వాడు తల్లిని ఒప్పించిన ఆ తీరు చూసి కూడా నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు ఉదయం వరుస సందు మొదలు దాకా ఉంది. కిటికీలో కొత్తవాడు, వాడి పక్కన సేట్. మా చెల్లెలు డబ్బాను గుండెకు హత్తుకుని నిలబడింది.

"ఆయన్ని పిలవండి. ఆయన చేతికే ఇస్తాను."

"ఆయన బ్రెడ్డు దిక్కున్నడు మేడం. ఇటియ్యండి" అన్నాడు సేట్.

"అయితే వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

వెనక గొణుగుడు మొదలైంది. మావాడు పక్కకు వచ్చి వరుస వైపు తిరిగాడు. సగం మంది వాణ్ణి గుర్తుపట్టారు. అప్పుడే ఒకమ్మాయి ఫోన్ తీసింది.

"ఆంటీ, మొన్న మా కేకు మాకే వచ్చింది. నేనే ఝూట్ చెప్పిన. అన్న తప్పేం లేదు."

"మరి ఆయనే ఒప్పుకున్నాడుగా బాబూ!" అందొకావిడ.

"ఆయన అందరితోని గట్లనే అంటడు ఆంటీ. మీరు సోడా మర్చిపోతే సుత తప్పు నాదే అంటడు. గుర్తు తెచ్చుకోండి జెర!"

వరుస ఘొల్లున నవ్వింది. ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. సోడా మరిచినవాళ్ళు అందులో ఒకరిద్దరు కాదు. ఆ సోడా సంగతి వాడికి చెప్పింది నేనే, ముందు రోజు దారిలో. నేను చెబితే సమాచారం. వాడు చెబితే నవ్వు, ఆ నవ్వుతో పాటు నమ్మకం. పక్కన నిలబడి పళ్ళు కొరుక్కున్నాను.

సేట్ లోపలికి కేకేశాడు. మేస్త్రి మోచేతుల దాకా పిండితో వచ్చి, మా డబ్బాను రెండు చేతులతో అందుకున్నాడు. తర్వాతి ఆవిడ కూడా ఆయన చేతికే ఇచ్చింది. ఆ తర్వాతి ఆవిడా. ఒక్కావిడ మాత్రం తన డబ్బాను కొంగు చాటు చేసుకుని, "నువ్వే పెట్టు సేట్" అంది. మేస్త్రి పక్కకు జరిగి సేట్‌కు దారి ఇచ్చాడు.

సాయంత్రం కేకు తీసుకోవడానికి నేనే వెళ్ళాను. మేస్త్రి కిటికీలోనే ఉన్నాడు. నా ముందున్న ముసలావిడ డబ్బా చూసుకుని, అడుగు మాడిందయ్యా అంది. ఆయన ఆవిడ భుజం మీదుగా మా అందరి చేతుల వైపు చూశాడు, ఎవరి చేతిలో ఫోన్ ఉందో అని. ఆ తర్వాత, "చూపియ్యమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. వరుసలో అది నేనొక్కణ్ణే గమనించాననుకుంటాను.

నా వంతు వచ్చింది. ఈ సంగతంతా రాయాలనుకుంటున్నానని, రాయనా అని అడిగాను.

"రాసుకోండి సార్. సేట్ నన్ను మల్ల ఖిడికీ కాడనే ఉంచిండని పక్కా రాయండి. పండుగ తర్వాత సుత నేనే ఉంటనన్నడు." డబ్బా నా చేతిలో పెట్టి, కొంచెం వంగాడు. "గా ఒక్క ముక్క బాబును ఫోన్ల పెట్టమంటరా? నా మొకం వద్దు, మాట చాలు. మా దిక్కు పేపర్ ఎవ్వరు చదువుతలేరు."

చెబుతానన్నాను. చెల్లెలి ఇంటికి వెళ్ళి, కేకు బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, ఆవిడ ఇచ్చిన టీ చివరి గుక్క దాకా తాగాను. మేనల్లుడు ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అప్పుడు చెప్పాను.